తూర్పింటి వంట

*కొరియా నూడుల్స్ ప్యాకెట్ మన వంటింట్లో ఎప్పుడో చోటు సంపాదించుకుంది. జపాన్, కొరియా ఇళ్లలో రోజూ వండుకునే అసలు భోజనం మాత్రం ఇంకా గుమ్మం బయటే ఉంది.*

శనివారం రాత్రి పదిన్నర దాటింది. విజయవాడలో ఓ అపార్ట్‌మెంట్ వంటిల్లు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి పొయ్యి మీద గిన్నె పెట్టి, నల్ల ప్యాకెట్ చింపి నూడుల్స్ నీళ్లలో వేసింది. పక్కన ఫోన్‌లో కొరియా సీరియల్ నడుస్తోంది. ఉడికాక నీళ్లు వంచేసి, చిన్న పొట్లంలోని ఎర్రటి సాస్ అంతా పిండి కలిపింది. ఘాటు హాల్లోకి కొట్టింది. టీవీ ముందు కునికిపాట్లు పడుతున్న అమ్మమ్మకు దగ్గు తెర వచ్చింది.

“ఏం చేస్తున్నావే, ఇల్లంతా మిరపకాయలు మాడిన కోరు?”

“నూడుల్స్ అమ్మమ్మా, కొరియావి.”

“ఆవకాయ ముద్ద పెడితే కారం కారం అని చెంబుడు నీళ్లు తాగేదానివి కదే!”

“ఇది వేరే కారం. నువ్వూ కొంచెం తిని చూడు.”

అమ్మమ్మ నాలుగు పోగులు నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది. “కారంతోపాటు తీపి కూడా తగుల్తోందే. ఇంతకీ వాళ్లిళ్లల్లో రోజూ ఇదే తింటారా? అన్నం తినరా?”

ఆ ప్రశ్నకు జవాబు ప్యాకెట్ మీద ఉండదు. సీరియల్లో హీరో హీరోయిన్లు అర్ధరాత్రి నూడుల్స్ తింటారు, అది నిజమే. తెల్లారాక వాళ్లింట్లో ఏం వండుతారన్నది మన పిల్లలకు పెద్దగా తెలియదు. తెలుసుకోదగ్గ కాలం ఇది. సోయా సాస్, వెనిగర్ సీసాలతో సరిపెట్టుకున్న సూపర్‌మార్కెట్ అరల్లో ఇప్పుడు మీసో, గోచుజాంగ్ అనే మిరప ముద్ద, నోరి అనే నాచు ఆకులు కనిపిస్తున్నాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కొరియా లిపిలో బోర్డులు, కొరియా భోజనశాలలు వెలిశాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో జపాన్ కంపెనీలున్నాయి. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ నుంచి సెలవులకు వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు పెట్టెలో పచ్చళ్లు తీసుకెళ్లడమే కాదు, వస్తూ వస్తూ అక్కడి దినుసులూ తెస్తున్నారు.

ప్యాకెట్‌ను తిట్టి లాభం లేదు. దాని వెనక ఉన్న ఇంటిని చూపిస్తే చాలు. ఆ ఇంటి వంట మనకు ఎంత దగ్గరో, మన పొయ్యి మీద ఎంత తేలిగ్గా అవుతుందో తెలిశాక పిల్లలే మిగతాది చూసుకుంటారు.

అన్నమే తింటారమ్మమ్మా

జపాన్ ఇంటి భోజనం ప్రాణం అన్నంలో ఉంది. ఎడమ పక్క అన్నం గిన్నె, కుడి పక్క మీసో సూప్ గిన్నె, వాటి వెనక ఒక ప్రధాన వంటకం, రెండు చిన్న కూరలు, నంజుకోవడానికి ఊరబెట్టిన ముల్లంగో దోసకాయో. ఒక సూప్, మూడు వంటకాలన్నది అక్కడి పాత లెక్క. కాల్చిన చేప ముక్క, నువ్వులు చల్లిన పాలకూర, సోయాలో ఉడికించిన గుమ్మడి. నూనె తక్కువ, మసాలా దాదాపు సున్నా. కొరియాలోనూ అన్నం, సూప్, కిమ్చీ అనే ఊరగాయ, చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో కూరలు. ఈ రెండు సంప్రదాయాలకూ యునెస్కో గుర్తింపు ఒకేసారి, 2013 డిసెంబరులో వచ్చింది. జపాన్ నుంచి వాషోకు అనే భోజన సంప్రదాయం, దక్షిణ కొరియా నుంచి ఊరంతా కలిసి కిమ్చీ పెట్టుకునే కిమ్జాంగ్ ఆ జాబితాలో చేరాయి.

బియ్యం దగ్గర మాత్రం మన ఇష్టం వేరు, వాళ్ల ఇష్టం వేరు. మనకు మెతుకు మెతుక్కీ అంటకూడదు. అందుకే పాత బియ్యం కోసం వెతుకుతాం, కొత్త బియ్యం ముద్దయిపోతుందని విసుక్కుంటాం. జపాన్ వాళ్లు శరదృతువులో కోసిన కొత్త బియ్యం కోసమే ఎదురుచూస్తారు. వాళ్లది పొట్టి గింజ జపోనికా రకం. దాంట్లో అమైలోజ్ అనే పిండి పదార్థం తక్కువ కాబట్టి మెతుకులు ఒకదాన్నొకటి పట్టుకుని, పుల్లలతో ఎత్తితే ముద్దగా లేస్తాయి.

అయినా ఆ బియ్యం మన బియ్యానికి పరాయిది కాదు. 1920లలో తైవాన్ జపాన్ పాలనలో ఉన్నప్పుడు, అక్కడి పరిశోధకులు రెండు జపాన్ వరి రకాలను సంకరం చేసి తైచుంగ్ 65 అనే వంగడం తయారు చేశారు. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కటక్ కేంద్రంగా ఇండికా, జపోనికా రకాలను కలిపే పెద్ద ప్రాజెక్టు నడిపింది. అందులో తైచుంగ్ 65ను మలయా వరి మయాంగ్ ఎబోస్ 80తో కలిపారు. ఆ సంతతి నుంచి ఎంపిక చేసిన రకాన్ని మలేసియా 1965లో ‘మహ్సూరి’ పేరుతో విడుదల చేసింది. అదే మన నేల మీదికి వచ్చి మసూరి అయింది. సోనా రకంతో కలిసి సోనా మసూరి అయింది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబ మసూరికి, అదే మన బీపీటీ 5204కు, తల్లిదండ్రుల్లో ఒకటైంది. కృష్ణా డెల్టాలోనూ నిజామాబాద్‌లోనూ కంచంలో పడే సన్నన్నంలో జపాన్ పొలాల రక్తం కొంత ఉందన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీకి తగినది.

అక్కడ అన్నం ఎంత పెద్ద విషయమో ఈ మధ్య మరోసారి తేలింది. 2024 వేసవిలో జపాన్ దుకాణాల్లో బియ్యం అరలు ఖాళీ అయ్యాయి. 2025 వసంతానికి అయిదు కిలోల సంచి 4,000 యెన్‌లు దాటింది, ఏడాది కిందటితో పోలిస్తే దాదాపు రెట్టింపు. ప్రభుత్వం అత్యవసర నిల్వల తలుపులు తెరిచింది. తనకు బియ్యం కొనే అవసరమే రాలేదని, అభిమానులే ఇస్తుంటారని సభలో అన్న వ్యవసాయ మంత్రి తకు ఎతో ఆ మే నెలలోనే పదవి వదులుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో ఈ అన్నం వండాలంటే పొట్టి గింజ బియ్యం దొరికితే సరే సరి. దొరక్కపోతే కొత్త సోనా మసూరితో మొదలుపెట్టవచ్చు. మూడు నాలుగు నీళ్లు పోయి తేటపడేదాకా కడిగి, అరగంట నానబెట్టి, పొట్టి గింజకైతే గిన్నెకు గిన్నెంబావు లోపే నీళ్లు పోయాలి. మసూరికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. గంజి వార్చకూడదు, ఆ జిగురే కావాలి. పొయ్యి కట్టేశాక పది నిమిషాలు మూత తీయకుండా వదిలేయాలి.

> కుక్కర్ వెనక ఒక ఇల్లాలు
>
> మన ఇళ్లలో కనిపించే కరెంటు రైస్ కుక్కర్ జపాన్‌లో పుట్టింది. 1955 డిసెంబరులో తోషిబా కంపెనీ అమ్మకానికి పెట్టిన ఆ యంత్రాన్ని రూపొందించింది ఓ చిన్న వర్క్‌షాపు యజమాని యోషితద మినామి, ఆయన భార్య ఫుమికో. ఎన్ని నిమిషాలకు అన్నం ఉడుకుతుంది, ఎప్పుడు మంట ఆగాలి అని కుండ పక్కనే కూర్చుని లెక్కలు రాసింది ఫుమికోనే. దొరికిన ఉపాయం సులువైంది. బయటి గిన్నెలో కొలిచిన నీళ్లు పోస్తారు. అవి ఆవిరైపోగానే వేడి నూరు డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి లోహపు పట్టీ వంగి కరెంటు ఆగిపోతుంది. తెల్లవారుజామునే లేచి కట్టెల పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్లకు కంటి నిండా నిద్ర ఇచ్చిన వస్తువు అది.

నీళ్లకు రుచి ఎక్కించే విద్య

జపాన్ వంట నేర్చుకోవాలనుకునేవాళ్లు చాలామంది సుషీతో మొదలుపెట్టి విసిగిపోతారు. మొదలుపెట్టాల్సింది దాషీతో. సూప్‌కూ, కూరకూ, నూడుల్స్‌కూ అడుగున ఉండేది ఈ తేట నీళ్లే. సముద్రంలో పెరిగే కొంబు అనే వెడల్పాటి నాచు పట్టీ, పొగబెట్టి రాయిలా ఎండబెట్టిన చేపను చెక్కిన పొరలు. ఈ రెండే దినుసులు. నూనె లేదు, పోపు లేదు. నానబెట్టే సమయం పోను పదిహేను నిమిషాల పని.

1908లో టోక్యో విశ్వవిద్యాలయ రసాయన ఆచార్యుడు కికునే ఇకెదా ఈ కొంబు నీళ్ల దగ్గరే ఆగిపోయారు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటిలో దేనికీ చెందని రుచి ఒకటి అందులో ఉందని ఆయనకు గట్టిగా అనిపించింది. టమాటాల్లో, మాంసంలో, జున్నులో కూడా అదే ఛాయ. నాచును కాచి, వడగట్టి, ఆ రుచికి మూలం గ్లుటామిక్ ఆమ్లమని తేల్చి, ఉమామి అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే అది తెల్లటి పలుకులై అజినోమోటో పేరుతో బజారుకొచ్చింది. మన ఊళ్లలో ఫాస్ట్‌ఫుడ్ బండి మీద చిటికెడు చల్లే టేస్టింగ్ సాల్ట్ అదే. 1913లో ఇకెదా శిష్యుడు షింతారో కొదామా ఎండుచేప పొరల్లో ఇనోసినేట్‌ను కనిపెట్టారు. 1957లో అకిరా కునినాకా ఎండు పుట్టగొడుగుల్లో గ్వానిలేట్‌ను గుర్తించడమే కాదు, ఇవి గ్లుటామేట్‌తో కలిస్తే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుందని చూపించారు. కొంబును, ఎండుచేపను కలిపి కాచిన పాతకాలం వంటవాళ్ల నాలుక ఈ లెక్కను ఎప్పుడో కట్టేసింది. సొరకాయలో ఎండురొయ్యలు, టమాటాలో ఎండుచేప వేసే మన కోస్తా ఇల్లాళ్లది కూడా ఇదే లెక్క.

టేస్టింగ్ సాల్ట్ విషమని చాలామంది భయపడతారు. మామూలు మోతాదులో హాని చేస్తుందని ఆహార భద్రతా సంస్థలు చెప్పడం లేదు. నా అభ్యంతరం వేరే. ఆ చిటికెడు పొడి నాలుకకు ఒక్క దెబ్బలో రుచి తగిలిస్తుంది. కొంబు నీళ్లలో సముద్రపు వాసన, ఎండుచేపలో పొగ, పుట్టగొడుగులో మట్టి కమ్మదనం పొడిలో ఉండవు. పిల్లలకు ఆ తేడా తెలియాలంటే ఒక్కసారైనా ఇంట్లో దాషీ కాచి చూపించాలి.

శాకాహారులకు ఇందులో మంచి వార్త ఉంది. జెన్ బౌద్ధ ఆలయాల్లో భిక్షువులు వండుకునే షోజిన్ వంటలో చేప ఉండదు. కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులతోనే దాషీ కాస్తారు. అది నాసిరకం బదులు వంటకం కాదు, శతాబ్దాలుగా వస్తున్న అసలు సంప్రదాయం. హోటల్‌లో “వెజ్ మీసో సూప్” అన్నా సరే, అడుగున చేప నీళ్లు ఉన్నాయేమో అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో ఆ అనుమానమే ఉండదు.

> దాషీ, మీసో సూప్: నలుగురికి
>
> లీటరు నీళ్లలో పది గ్రాముల కొంబు ముక్క అరగంట నానబెట్టండి. పైనున్న తెల్లటి పొడి కడగకండి, రుచి అక్కడే ఉంది. సన్న సెగ మీద వేడి చేసి, అడుగు నుంచి చిన్న బుడగలు లేస్తుండగా కొంబు తీసేయండి. తెర్లితే జిగురు, చేదు దిగుతాయి. చేప తినేవాళ్లు ఇప్పుడు నీళ్లు మరగనిచ్చి, పొయ్యి కట్టేసి, గుప్పెడు ఎండుచేప పొరలు వేసి రెండు నిమిషాలాగి వడగట్టాలి. శాకాహారులు కొంబుతో పాటే నాలుగు ఎండు షిటాకేలను ముందురోజు రాత్రి చన్నీళ్లలో నానబెడితే చాలు.
>
> సూప్‌కు ఈ నీళ్లలో ముల్లంగి, క్యారెట్, పాలకూర, టోఫూ, ఏది ఉంటే అది ఉడికించండి. పొయ్యి కట్టేశాక మనిషికి చెంచాడు మీసో గరిటెలో కరిగించి కలపండి. మీసో వేశాక మరిగిస్తే సువాసన పోతుంది. వేరే ఉప్పు అక్కర్లేదు.

మీసో అంటే ఉడికించిన సోయా గింజల్ని ఉప్పు, కోజీతో కలిపి నెలల తరబడి మాగబెట్టిన ముద్ద. కోజీ ఒక బూజు. బియ్యం మీద తెల్లగా పూసి పిండిని తీపిగా, మాంసకృత్తుల్ని కమ్మటి రుచిగా విడగొడుతుంది. సోయా సాస్‌కూ సాకే అనే బియ్యపు మద్యానికీ అదే మూలం. 2006లో జపాన్ బ్రూయింగ్ సొసైటీ దాన్ని జాతీయ శిలీంధ్రంగా ప్రకటించింది. లేత రంగు మీసో తియ్యగా, ముదురుది ఉప్పగా ఉంటుంది. మొదటిసారి కొనేవాళ్లకు లేతదే నయం. ఉప్పు ఎక్కువన్న మాట మాత్రం మరవకూడదు. జపాన్ వాళ్లకు కూడా ఉప్పే పెద్ద ఆరోగ్య సమస్య. ఒకప్పుడు పక్షవాతం మరణాలతో సతమతమైన నగానో ప్రాంతంలో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి సూప్‌లో ఉప్పు కొలిచి, కూరగాయలు పెంచి నీళ్లు తగ్గించండని చెప్పేవారు. ఆ సలహా మనకూ సరిగ్గా సరిపోతుంది.

ఒక సూప్, ఒక కూర చాలు

పత్రికల్లో జపాన్ భోజనం బొమ్మ చూస్తే ఎనిమిది గిన్నెలుంటాయి. ఆ బొమ్మ జపాన్ ఇల్లాళ్లను కూడా చాలాకాలం బాధపెట్టింది. ఉద్యోగం నుంచి రైలెక్కి ఇంటికొచ్చి, పిల్లల లంచ్ పెట్టెకు రేపటి ఏర్పాటు చేసి, రాత్రికి సూప్‌తో పాటు మూడు రకాలు వండాలి. చేయలేకపోతే తప్పు చేశామన్న దిగులు.

2016లో యోషిహారు దోయ్ అనే వంటల రచయిత ఒక చిన్న పుస్తకం రాశారు. ఆయన తండ్రి మసారు దోయ్ కూడా టీవీలో వంట నేర్పి జపానంతటా పేరు తెచ్చుకున్నవారే. పుస్తకం చెప్పేది ఇంతే: ఇంట్లో ఒక సూప్, ఒక వంటకం చాలు. అన్నం వండండి, ఇంట్లో ఉన్న కూరగాయలన్నీ వేసి చిక్కటి మీసో సూప్ కాయండి, పక్కన ఊరబెట్టినదేదో పెట్టుకోండి. సూపే కూర అవుతుంది. రోజూ అద్భుతంగా ఉండాల్సిన పని లేదు, ఇంటి వంట హోటల్ వంటతో పోటీ పడక్కర్లేదు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. చదివి గుండె బరువు దిగిందని చెప్పిన తల్లులెందరో.

హైదరాబాద్‌లో ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఇల్లు చేరి, పప్పు, వేపుడు, పులుసు, పెరుగుపచ్చడి నాలుగూ ఉండాల్సిందేనన్న లెక్కతో పొయ్యి ముందు నిలబడే మన ఆడవాళ్లకు కూడా ఈ మాట చెప్పాలి. చెప్పాల్సింది వాళ్లకొక్కరికే కాదు, ఆ నాలుగింటి కోసం కంచం ముందు కూర్చునేవాళ్లకు కూడా. తూర్పు దేశాల వంట నుంచి మనం తెచ్చుకోగలిగినదాంట్లో అన్నిటికంటే విలువైనది ఇదేనని నా నమ్మకం.

కిమ్జాంగ్: చలికాలపు సామూహిక వంట

నవంబరు చివర్లో కొరియాలో చలి దిగుతుండగా ఇళ్ల ముందు క్యాబేజీ గుట్టలు లేస్తాయి. అత్తలు, కోడళ్లు, పక్కింటివాళ్లు రబ్బరు తొడుగులు వేసుకుని పెద్ద బేసిన్ల చుట్టూ కూర్చుంటారు. ముందురోజు ఉప్పులో ఊరేసిన క్యాబేజీ ఒక్కో ఆకు విడదీసి మధ్యలో ఎర్రటి ముద్ద పూస్తారు. వేసవిలో మన ఇళ్లలో ఆవకాయ పెట్టే రోజున్న సందడే అక్కడా: ఉప్పు సరిపోయిందా అని పెద్దావిడ నాలుక మీద వేసుకు చూడటం, పని చేసినవాళ్లందరికీ ఇంటికి ఒక డబ్బా పంచడం. ఒకప్పుడు జాడీల్ని నేలలో పాతిపెట్టేవారు. అపార్ట్‌మెంట్లొచ్చాక జాడీలకు నేల కరవైంది. 1990ల నుంచి కిమ్చీకి విడిగా ఫ్రిజ్‌లు ఇంటింటికీ చేరాయి.

ఆవకాయను నూనె, ఉప్పు, ఆవపిండి కాపాడితే, కిమ్చీని లాక్టిక్ ఆమ్లం కాపాడుతుంది. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవుల కుటుంబమే క్యాబేజీలోని చక్కెరలు తిని పులుపు పుట్టిస్తుంది. కొరియా చలిలో వారాలు పట్టే ఆ పని మన ఏప్రిల్‌లో ఒక్క రోజులో అయిపోతుంది. అందుకే ఇక్కడ కిమ్చీ పెట్టడానికి డిసెంబరు, జనవరి మంచి కాలం. వేసవిలోనైతే కలిపిన పూటే ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

కారం విషయంలో మన చెయ్యి ఆపుకోవాలి. మిరప కొరియా చేరింది పదహారో శతాబ్దం చివర్లోనే. ఇప్పుడు వాళ్లు వాడే గోచుగారు గింజ తీసి బరకగా దంచిన కారం. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఆ కొలతకు గుంటూరు కారం వేస్తే నోట్లో పెట్టుకోలేం. బ్యాడిగి మిరపకాయల గింజలు తీసి బరకగా పట్టిస్తే దగ్గరగా వస్తుంది. ఖమ్మం, గుంటూరు తేజ మిర్చి ఎలాగూ మరో తూర్పు దేశానికి వెళ్తూనే ఉంది. చైనా హాట్‌పాట్‌లో మరిగే ఎరుపులో మన రైతు వాటా పెద్దదే.

> మొదటి కిమ్చీ
>
> కిలో చైనీస్ క్యాబేజీ నిలువుగా నాలుగు చేసి, ఆకుల మధ్య రాళ్ల ఉప్పు చల్లి నాలుగైదు గంటలు ఉంచండి. కాడ వంచితే విరక్కుండా వంగాలి. మూడుసార్లు కడిగి, గంట సేపు నీళ్లోడనివ్వండి. చెంచాడు బియ్యప్పిండి గ్లాసుడు నీళ్లలో జావ కాచి చల్లార్చి, అందులో అరకప్పు బరక కారం, పది వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క, రెండు చెంచాల ఫిష్ సాస్ కలపండి. ముల్లంగి తురుము, ఉల్లికాడలు చేర్చి ఆకు ఆకుకీ పూయండి. గాజు సీసాలో మూడొంతులే నింపి, గాలి బుడగలు పోయేలా నొక్కండి. చలికాలంలో ఒకటి రెండు రోజులు బయట, తర్వాత ఫ్రిజ్‌లో. రోజుకోసారి మూత వదులు చేయండి.
>
> శాకాహారులు ఫిష్ సాస్ బదులు సోయా సాస్, కొంబు నీళ్లు వాడవచ్చు. కొరియా బౌద్ధ ఆలయాల్లో కిమ్చీకి చేపే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. బెగ్యాంగ్సా ఆలయ సన్యాసిని జియోంగ్ క్వాన్ వంటను 2017లో నెట్‌ఫ్లిక్స్ ‘షెఫ్స్ టేబుల్’లో చూసి ప్రపంచం మెచ్చుకుంది. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసే ఇళ్లకు ఆ పద్ధతి చక్కగా నప్పుతుంది.

ఊరబెట్టిన వాటికి వాసన ఉంటుంది. జపాన్ వాళ్ల నాటో మరీను. తీగలు సాగే, గాఢమైన వాసన వచ్చే ఈ పులిసిన సోయా గింజల్ని వాళ్లు పొద్దున్నే అన్నంలో కలుపుకుంటారు. మన దేశంలో అలాంటిది లేదనుకోవద్దు. నాగాలాండ్‌లో అఖుని, మణిపూర్‌లో హవాయిజార్, మేఘాలయలో తుంగ్రింబాయి, సిక్కింలో కినెమా అన్నీ దాని చుట్టాలే. ఢిల్లీ అద్దె ఇంట్లో అఖుని వండుకోబోయిన ఈశాన్య యువతీయువకులు వాసన కారణంగా పడ్డ అవమానాల మీద ‘ఆక్సోన్’ అనే హిందీ సినిమా వచ్చింది. కొరియా కిమ్చీ సీసాను ముచ్చటగా కొనుక్కునే మన నగరాల్లో, పక్క ఫ్లాట్‌లో ఎండుచేప వేగితే ఫిర్యాదు చేసేవాళ్లు, నాగా అమ్మాయికి ఇల్లు అద్దెకివ్వనివాళ్లు ఇంకా ఉన్నారు. అది మారాలి.

ప్యాకెట్ వెనక ఆకలి

ఇన్‌స్టంట్ నూడుల్స్ పుట్టింది చిరుతిండిగా కాదు. యుద్ధంలో ఓడిన జపాన్‌లో, ఒసాకా నల్లబజారు బండి ముందు ఒక్క గిన్నె వేడి రామెన్ కోసం చలిలో బారులు తీరిన జనాన్ని మోమోఫుకు ఆండో చూశారు. తైవాన్‌లో పుట్టిన ఆ వ్యాపారి 1957లో తాను అధ్యక్షుడిగా ఉన్న రుణసంఘం దివాలా తీయడంతో సర్వం పోగొట్టుకున్నారు. ఇకెదా పట్టణంలో ఇంటి వెనక పాక వేసుకుని ప్రయోగాలు మొదలుపెట్టారు. భార్య టెంపురా అనే బజ్జీలు వేయిస్తుంటే పిండిలోని తడి బుడగలై పోవడం చూసి, నూడుల్స్‌ను నూనెలో వేయించి ఆరబెట్టే ఉపాయం తట్టింది. 1958 ఆగస్టు 25న చికెన్ రామెన్ బజారుకొచ్చింది. అప్పటికి ఆయన వయసు 48.

కొరియా కథ ఇంకా చేదుది. సియోల్ నాందెమున్ బజారులో అమెరికా సైనిక స్థావరాల ఎంగిలి కూడు కలిపి కాచిన గంజి కోసం కూలీలు వరసలో నిలబడటం జియోన్ జుంగ్‌యున్ అనే పెద్దమనిషిని కలచివేసింది. జపాన్ కంపెనీ మ్యోజో నుంచి పరిజ్ఞానం తెచ్చుకుని 1963లో సామ్యాంగ్ రామెన్ మొదలుపెట్టారు. ఇవాళ మన పిల్లలు సవాళ్లు విసురుకుంటూ తినే నల్ల ప్యాకెట్ అదే కంపెనీది, 2012లో వచ్చింది. ఆ వరసలో మరీ ఘాటైన మూడు రకాలను 2024 జూన్‌లో డెన్మార్క్ దుకాణాల నుంచి తీయించింది. తర్వాత రెండింటిని మళ్లీ అనుమతించింది.

ప్రపంచం ఇప్పుడు ఏటా 12 వేల కోట్లకు పైగా ఇలాంటి ప్యాకెట్లు, కప్పులు తింటోంది. ఇబ్బందల్లా ఉప్పుతో. సూప్ రకాల్లో చాలావాటిలో ఒక్క ప్యాకెట్‌కే 1,500 మిల్లీగ్రాములు, అంతకు మించి సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ చెప్పిన హద్దు 2,000. పొడి సగమే వేసి, గుప్పెడు పాలకూర, నాలుగు పుట్టగొడుగులు, ఒక గుడ్డు చేరిస్తే, సూప్ అడుగు దాకా తాగకుండా వదిలేస్తే, అది భోజనానికి కాస్త దగ్గరవుతుంది. కొరియా ఇళ్లలో కూడా గుడ్డు, ఉల్లికాడ, కిమ్చీ లేకుండా ఉత్త రామెన్ తినడం అరుదు.

> రంగం నుంచి వచ్చిన రుచి
>
> తూర్పు వంట మనకు టీవీ సీరియళ్లకంటే ముందే తెలుసు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. 1942లో జపాన్ దాడితో కొందరు, 1960లలో సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేశాక మరికొందరు తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. చేప పులుసులో అరటిదూట, నిమ్మగడ్డి వేసి బియ్యపు సేమ్యా మీద పోసుకునే మొహింగా, కొబ్బరిపాల ఖౌస్వే ఆ దేశపు వంటలు. చెన్నై బీచ్ స్టేషన్ దగ్గర బండ్ల మీద అమ్మే అత్తో కూడా బర్మా నుంచి వచ్చినవాళ్లు తెచ్చిందే. ఇంట్లో రంగం వెళ్లొచ్చిన పెద్దవాళ్లుంటే వాళ్ల చేతి వంట ఇప్పుడే రాసిపెట్టుకోండి.

షింజుకులో మన కూర

జపాన్ పిల్లల్ని ఇష్టమైన ఇంటి వంటేదని అడిగితే కర్రీ రైస్ తప్పకుండా వినిపిస్తుంది. బ్రిటిష్ వాళ్ల ద్వారా చేరిన ఆ చిక్కటి గోధుమరంగు కూరకు అసలు భారతీయ రూపాన్ని చూపించింది విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్. 1912లో వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు దాడి తర్వాత పోలీసులు వెతుకుతుంటే 1915లో జపాన్ చేరారు. షింజుకులో నకమురాయా బేకరీ నడిపే సోమా దంపతులు ప్రాణాలకు తెగించి దాచారు. వాళ్ల కూతురు తోషికోను 1918లో పెళ్లాడారు. ఆమె 1925లో కన్నుమూసింది. రెండేళ్లకు, 1927లో, నకమురాయాలో ఎముకతో ఉన్న కోడి ముక్కలతో భారతీయ పద్ధతి కూర వడ్డించడం మొదలైంది. ఇప్పటికీ అక్కడ ఆ కూర దొరుకుతుంది.

ఇళ్లలో చేసేది మాత్రం ఉల్లి, ఆలు, క్యారెట్, మాంసం వేయించి ఉడికించి, అచ్చుల్లో అమ్మే మసాలా ముద్ద కరిగించే సులువు రకం. 1963లో వచ్చిన వెర్మాంట్ కర్రీలో ఆపిల్, తేనె కలిపి పిల్లలకు నప్పేలా చేశారు. అచ్చు దొరక్కపోతే వెన్నలో మైదా ఎర్రగా వేయించి, మన కూరపొడి రెండు చెంచాలు కలిపి, ఒక ఆపిల్ తురిమి వేయండి. కారం తినని చిన్నపిల్లలున్న ఇంటికి ఇంతకంటే తేలికైన మొదలు లేదు.

పచ్చి చేప జోలికి వెళ్లొద్దు

సుషీ సరదా ఉన్నవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. చేపల మార్కెట్‌లో తెచ్చిన చేపను ఇంట్లో పచ్చిగా తినకూడదు. ముఖ్యంగా బొచ్చె, శీలావతి లాంటి మంచినీటి చేపలు. ఈశాన్య థాయ్‌లాండ్‌లో మంచినీటి చేపను పచ్చిగా కొట్టి తినే కోయి ప్లా వల్ల కాలేయపు పరాన్నజీవులు చేరి, పిత్తనాళ క్యాన్సర్‌తో ఎందరో చనిపోయారు. నిమ్మరసం ఆ జీవిని చంపదు. జపాన్‌లో సైతం వేళ్లతో అద్దే సుషీ ఎక్కువగా దుకాణపు పని, ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్ల పని.

ఇంట్లో వాళ్లు చేసుకునేది తెమాకి. పుట్టినరోజుకో, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడో బల్ల మధ్యలో అన్నం, చుట్టూ ముక్కలు, పక్కన నోరి ఆకులు పెట్టి ఎవరికి నచ్చింది వాళ్లు చుట్టుకుంటారు. మన ఇంటికి ఇది అచ్చంగా సరిపోతుంది. రెండు కప్పుల పొట్టి గింజ బియ్యం వండి, పావు కప్పు బియ్యపు వెనిగర్‌లో రెండు పెద్ద చెంచాల చక్కెర, చిన్న చెంచాడు ఉప్పు కరిగించి, వేడన్నంలో మెతుకు చిదమకుండా కలిపి విసనకర్రతో ఆర్చాలి. నిలువుగా కోసిన కీర, వేయించిన గుడ్డు పట్టీలు, అవకాడో, ఉడికించిన రొయ్యలు, సోయాలో మగ్గించిన పుట్టగొడుగులు, పనీరు, ఏదైనా లోపల పెట్టుకోవచ్చు. రొయ్యలకు మొహమాటమే అక్కర్లేదు. 1990లలో భీమవరం చుట్టుపక్కల చెరువుల టైగర్ రొయ్య ఎక్కువగా వెళ్లింది జపాన్ టెంపురా బాణళ్లలోకే.

అన్నం పలుచగా పరవండి, ఎక్కువ పెడితే చుట్టలేరు. పిల్లల చేతికి సగం ఆకు చాలు. చుట్టిన వాళ్లు చుట్టినట్టే తినేయాలి, అందరివీ అయ్యేదాకా ఆగితే నోరి తడి పీల్చుకుని పంటికి సాగుతుంది.